రీతూ ఫొగట్ ఎంఎంఏ కెరీర్: టేక్‌డౌన్లు పడుతూనే ఉన్నా సబ్మిషన్లకి ఎందుకు దొరికింది?

అండర్‌హుక్

రీతూ ఫొగట్ ఎంఎంఏ (దెబ్బలూ పట్లూ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) రికార్డు ముందు పెట్టుకుని అడుగుతున్నాను. 2017లో అండర్-23 ప్రపంచ కుస్తీ పోటీల్లో 48 కేజీల వెండి పతకం. 2019లో కుస్తీ పక్కనపెట్టి సింగపూర్‌లో ఇవాల్వ్ జిమ్‌కి వెళ్ళింది, ఆ నవంబర్‌లోనే వన్ చాంపియన్‌షిప్ అనే ఆసియా ఎంఎంఏ సంస్థలో మొదటి ఫైట్. వరసగా నాలుగు గెలిచింది. 2025 ఫిబ్రవరి దాకా గెలుపులు ఏడు: మూడు టీకేవోలు (దెబ్బలకి రిఫరీ ఫైట్ ఆపేసినవి), నాలుగు జడ్జీల నిర్ణయాలు. సబ్మిషన్‌తో, అంటే పట్టు బిగించి ఓటమి ఒప్పించి, గెలిచింది ఒక్కటీ లేదు.

అప్పటిదాకా ఓటములు నాలుగు. 2021 మేలో బీ నూయెన్ చేతిలో స్ప్లిట్ డెసిషన్ (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు). అదే ఏడాది డిసెంబర్‌లో ఆటంవెయిట్ గ్రాండ్ ప్రీ ఫైనల్లో స్టాంప్ ఫెయిర్‌టెక్స్ ఆర్మ్‌బార్ (మోచెయ్యి విరిచే పట్టు) వేసింది. 2022 సెప్టెంబర్‌లో టిఫనీ టియో రియర్ నేకెడ్ చోక్ (వెనకనుంచి పీక నొక్కే పట్టు) వేసింది. తల్లయ్యాక తిరిగొచ్చిన 2025 ఫిబ్రవరిలో అయాకా మియురా చేతిలో మళ్ళీ సబ్మిషనే.

ఎంఎంఏలో సగం ఆట నేలమీదే కదా, నేలమీద పుట్టిపెరిగిన రెజ్లర్ అక్కడే ఎందుకు దొరుకుతోంది? రెండో ప్రశ్న: జాతీయ స్థాయిలో ఫ్రీస్టైల్ ఆడినవాళ్ళు ఎంఎంఏకి మారితే ముందుగా మార్చుకోవాల్సింది ఏది? "బాక్సింగ్ నేర్చుకో" అని మాత్రం చెప్పకండి, అది అందరికీ తెలుసు.

మట్టిపట్టు

కింద పడెయ్యడం (టేక్‌డౌన్) వరకూ రెండు ఆటలూ ఒకటే. పడేశాక ఏం చెయ్యాలన్న దగ్గరే తలకిందులు.

ఫ్రీస్టైల్లో ప్రత్యర్థి వీపుని చాప వైపు తిప్పితే రెండు పాయింట్లు, రెండు భుజాలూ ఆనిస్తే చిత్తు, ఆట ఖతం. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టేది ఒక్కటే: వెల్లకిలా పడకూడదు. కింద పడితే వెంటనే బోర్లా తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, పొట్టని చాపకి అతికించేస్తారు. గట్ రెంచ్, లెగ్ లేస్ (నడుముని, కాళ్ళని పట్టి దొర్లించే పట్లు) పడకుండా కాసేపు ఓర్చుకుంటే రిఫరీ ఈల వేసి లేపుతాడు.

ఎంఎంఏలో బోర్లా పడుకుంటే వీపు అప్పజెప్పినట్టే. వీపు మీదెక్కి కొడుతున్నవాళ్ళని ఏ రిఫరీ లేపడు. రెండు మడమలూ తొడల లోపలికి దూరతాయి, ఒక చెయ్యి భుజం మీదుగా, ఇంకోటి చంక కిందుగా వచ్చి ఛాతీ మీద కలుస్తాయి. ఇక్కణ్ణుంచి తప్పించుకునే పద్ధతి చూడండి. పీక మీదికొచ్చే చేతి మణికట్టుని రెండు చేతులతో పట్టుకోవాలి. చంక కిందనుంచి వచ్చిన చెయ్యి ఏ పక్కనుందో ఆ పక్కకి ఒరగాలి. ఒరిగి రెండు భుజాలూ చాపకి ఆనించాలి. అక్కణ్ణుంచి నడుము కిందికి జార్చుకుంటూ ప్రత్యర్థి వైపు తిరగాలి.

రెజ్లర్లు విరిగేది మూడో మెట్టు దగ్గర. భుజాలు ఆనించడమంటే వాళ్ళ లెక్కలో ఓడిపోవడం. బుర్రకి తెలిసినా ఒళ్ళు ఒప్పుకోదు. సగం ఒరిగి, భుజం చాపకి తగలబోతుండగా చటుక్కున మళ్ళీ బోర్లా తిరుగుతారు. ఆ తిరగడంలో గడ్డం లేస్తుంది, ముంజెయ్యి కిందకి దూరుతుంది. జిమ్‌లో కొత్తగా చేరిన రెజ్లర్లని గమనించండి, పదిమందిలో ఎనిమిదిమంది ఇలాగే టాప్ చేస్తారు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటారు.

ఆర్మ్‌బార్ కథ దీనికి అవతలి కొస. కుస్తీలో పైనున్నవాళ్ళు బరువంతా అరచేతుల మీదికి తెచ్చి ఎదుటివాళ్ళని నొక్కుతారు, చేతులు చాపి మరీ. ఎదుటివాళ్ళ కాళ్ళ మధ్యలో ఉండి, అంటే గార్డ్‌లో ఉండి, అదే పని చేస్తే మోచెయ్యి డొక్క వదిలి ముందుకెళ్తుంది. ఆర్మ్‌బార్ వేసేవాళ్ళకి అది చాలు. ఒక చెయ్యి వాళ్ళ కాళ్ళ లోపల, ఒకటి బయట ఉంటే ట్రయాంగిల్ (కాళ్ళతో మెడ బిగించే పట్టు) కూడా రెడీ. నియమం చిన్నది: గార్డ్‌లో ఉన్నంతసేపూ మోచేతులు డొక్కలకి దగ్గరగా, రెండు చేతులూ లోపలో, రెండూ బయటో. తల పైకి, వెన్ను నిటారుగా.

ఈ జబ్బు పెద్ద పెద్దవాళ్ళకీ తగిలింది. కెవిన్ జాక్సన్ 1992 బార్సిలోనాలో 82 కేజీల బంగారు పతకం గెలిచాడు. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ఫ్రాంక్ షామ్రాక్‌తో యూఎఫ్‌సీ (అమెరికా ఎంఎంఏ సంస్థ) టైటిల్‌కి తలపడ్డాడు. వెళ్ళాడు, పడేశాడు, 16 సెకన్లకి ఆర్మ్‌బార్‌కి టాప్ చేశాడు. టేక్‌డౌన్ పడిందన్న లెక్కన ఆ ఫైట్ అతనే గెలవాలి మరి.

ఐదోరౌండ్

పైన చెప్పినదంతా నిజమే కానీ క్యాలెండర్ కూడా చూడండి. 2021లో రీతూ ఐదు ఫైట్లు చేసింది. మేలో బీ నూయెన్, జులై 30న లిన్ హెచిన్, సెప్టెంబర్ 3న మెంగ్ బో, అక్టోబర్ 29న జెనెలిన్ ఓల్సిమ్, డిసెంబర్ 3న స్టాంప్. లిన్‌కీ మెంగ్ బోకీ మధ్య ఐదు వారాలు, ఓల్సిమ్‌కీ స్టాంప్‌కీ మధ్య మళ్ళీ ఐదు వారాలు.

ఐదు వారాల్లో మొదటిది దెబ్బలు మానడానికి పోతుంది, చివరిది బరువుకీ ప్రయాణానికీ. మిగిలిన మూడూ ఆ ప్రత్యర్థి కోసం గేమ్ ప్లాన్. ఒంట్లో ఉన్న అలవాటు తీసి కొత్తది పెట్టడం ఫైట్ ముందటి క్యాంపులో అయ్యే పని కాదు, ఫైట్లు లేని ఖాళీ నెలల్లోనే అవుతుంది. ఆ ఏడాది ఆమెకి ఖాళీ నెలలే లేవు. ఉన్న కుస్తీతోనే మూడు గెలిచింది, అది చిన్న విషయం కాదు. కానీ అవతల స్టాంప్ మువాయ్ థాయ్, కిక్‌బాక్సింగ్ రెండిట్లోనూ వన్ టైటిళ్ళు గెలిచి, తర్వాత నేల ఆట నేర్చుకుంటూ వచ్చిన మనిషి. కిక్కులకి భయపడి పట్టుకోవడానికి వెళ్ళాల్సిన ప్రత్యర్థి దగ్గర నేలమీద ఆర్మ్‌బార్ కూడా ఉంటే ఇక దాక్కోవడానికి చోటెక్కడ?

కోచ్ మూల

వన్ రూల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రెజ్లర్‌కి అవి కాస్త కష్టమైనవే.

యూఎఫ్‌సీలో రౌండ్‌కి పది పాయింట్ల పద్ధతి. ఒక రౌండ్‌లో పైచెయ్యి సాధిస్తే ఆ రౌండ్ మీ ఖాతాలో పడిపోతుంది, తర్వాత ఏమైనా అది అలాగే ఉంటుంది. వన్‌లో ఫైట్ మొత్తాన్ని కలిపి చూస్తారు. నాకౌట్‌కి గానీ సబ్మిషన్‌కి గానీ ఎవరు దగ్గరగా వచ్చారన్నది మొదట, తర్వాత కలిగించిన నష్టం. టేక్‌డౌన్లు ఆ వరసలో బాగా కింద ఉంటాయి. ఐదు సార్లు పడేసి, పడేసిన ప్రతిసారీ కింద ఊరికే పట్టుకుని ఉంటే చేతికొచ్చేది తక్కువ. దగ్గరి ఫైట్లలో రెజ్లర్‌కి ఇది ఎదురుగాలే.

ఇంకోటి మోకాళ్ళు. యూఎఫ్‌సీ వాడే యూనిఫైడ్ రూల్స్‌లో చేతులూ మోకాళ్ళూ నేలమీదున్నవాళ్ళ తలని మోకాలితో కొట్టకూడదు. వన్‌లో కొట్టచ్చు. షాట్ (కాళ్ళు పట్టుకోవడానికి వంగి దూకడం) వేసి, అది ఆగిపోయి, తల కిందకి పెట్టుకుని మోకాళ్ళ మీద ఉండిపోవడం రెజ్లర్‌కి రోజూ జరిగేదే. అక్కడే ఉంటే తల మీద మోకాలు పడుతుంది. దాంతో షాట్ ఆగగానే ముందుకెళ్ళి పూర్తి చెయ్యాలి, లేదా ఒక సెకనులో వదిలేసి లేచిపోవాలి. మధ్యలో ఆలోచించుకునే చోటు లేదు.

బరువు గురించి రెండు ముక్కలు. వన్‌లో ఒంట్లో నీళ్ళు పిండేసుకుని బరువు దిగడం కుదరకుండా మూత్ర పరీక్ష ఉంది, సాంద్రత 1.025 దాటితే ఫెయిల్. ఆటంవెయిట్ హద్దు 52.2 కేజీలు. కుస్తీలో 48కి దిగినవాళ్ళకి ఇది పెద్ద కోత కాదు. బరువు కోత అలవాటుని బలం అనుకునే రెజ్లర్లకి ఇంకో సంగతి: డేనియల్ కోర్మియర్ 2008 బీజింగ్‌లో అమెరికా కుస్తీ జట్టు కెప్టెన్‌గా వెళ్ళి, బరువు తగ్గించడంలో కిడ్నీలు దెబ్బతిని ఒక్క ఆట కూడా ఆడకుండా వచ్చేశాడు. తర్వాత హెవీవెయిట్‌గా ఎంఎంఏలోకి దిగాడు, కోత గొడవే లేకుండా.

అండర్‌హుక్

అందరికీ థాంక్స్. రిఫ్లెక్స్ గురించి చెప్పింది బాగా అర్థమైంది. గిలటిన్ (ముందునుంచి మెడని చంకలో ఇరికించి బిగించే పట్టు) మాట ఎవరూ ఎత్తలేదేం? షాట్ వేసినప్పుడు మెడ దొరికిపోవడం కూడా రెజ్లర్లకి మామూలే కదా. దానికి షాట్‌లో ఏం మార్చాలి?

మట్టిపట్టు

తల ఎక్కడ పెడుతున్నారన్నదే మొత్తం. డబుల్ లెగ్‌లో (రెండు కాళ్ళూ పట్టే షాట్‌లో) తల ప్రత్యర్థి నడుము పక్కకి, బయటికి వెళ్తుంది. కుస్తీలో ఫరవాలేదు, అక్కడ పీక నొక్కడం ఫౌల్. ఎంఎంఏలో ఆ తల సరిగ్గా వాళ్ళ చంక కిందికి వచ్చి కూర్చుంటుంది. భరత్ ఖండారే 2017 నవంబర్‌లో షాంఘైలో యూఎఫ్‌సీలోకి దిగినప్పుడు సాంగ్ యాడాంగ్ మొదటి రౌండ్‌లోనే గిలటిన్‌తో ముగించాడు.

మార్పులు ఇవి. మొదట కొన్ని నెలలు సింగిల్ లెగ్‌నే ఎక్కువ వాడండి, తల లోపలి వైపు, చెవి వాళ్ళ ఛాతీకి నొక్కి, చూపు పైకి. నేల చూసే తల దొరికిపోయే తల. డబుల్ లెగ్ తప్పనిసరైతే కేజ్ గోడ దగ్గర వెయ్యండి, అక్కడ వాళ్ళ వీపు గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి వెనక్కి పడుతూ మెడ లాగే వీలు తగ్గుతుంది.

మీ మెడ చుట్టూ వాళ్ళ చెయ్యి పడిపోయిందనుకోండి, తల వాళ్ళ కుడి చంకలో ఇరుక్కుంది. చాలామంది కంగారులో అదే పక్కకి లాగుతారు, లేదా వాళ్ళ కాళ్ళ మధ్యలోకి పడిపోతారు. రెండూ ఉచ్చు బిగించేవే. ఒళ్ళు వాళ్ళ ఎడమ పక్కకి దాటాలి. ఒక చేత్తో పీక మీదున్న మణికట్టు, ఇంకో చెయ్యి వాళ్ళ భుజం మీదుగా అవతలికి. దాటాక మీ భుజంతో వాళ్ళ మెడ మీద బరువు వెయ్యండి. వాళ్ళింకా మీ మెడ వదలకపోతే ఊపిరాడనిది వాళ్ళకే.

ఇంకో చిన్న విషయం, కానీ మొదటి నెలంతా ఏడిపించేది: బూట్లు. కుస్తీ బూట్ల అడుగు చాపని పట్టుకుంటుంది, వెనక కాలితో తన్నుకుని ముందుకు దూసుకెళ్ళడం దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఉత్త కాళ్ళతో, చెమట పడ్డ కాన్వాస్ మీద అదే తన్నుడు తంతే కాలు వెనక్కి జారి, షాట్ అరడుగు పొట్టిగా పడుతుంది. ఆ పొట్టి షాట్‌కే గిలటిన్లు, మోకాళ్ళు. దూరం నుంచి దూకడం మానేసి ఒక అడుగు దగ్గరికొచ్చి వెయ్యాలి. ఆ అడుగు కొనుక్కోవడానికే జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) కావాలి, మీరు వద్దన్న బాక్సింగ్ అక్కడ వస్తుంది.

క్లించ్‌బ్రేక్

ఆ చివరి మాటే నేను మొదట పెడతాను. పైనవాళ్ళు నేల ఆట మీద ఎక్కువ బరువు పెట్టారు. నా లెక్కలో సబ్మిషన్లు రోగలక్షణం, అసలు రోగం నిలబడి ఉన్నప్పుడే మొదలవుతుంది. నిలబడి ప్రత్యర్థిని భయపెట్టలేని రెజ్లర్ ఏం చేస్తాడో అందరికీ ముందే తెలుసు. తెలిసిన షాట్‌కి కాచుకుని కూర్చుంటారు.

బెన్ ఆస్క్రెన్ 2008 ఒలింపిక్స్‌లో ఆడినవాడు, బెల్లాటర్ అనే ఇంకో ఎంఎంఏ సంస్థలోనూ వన్‌లోనూ చాంపియన్. ఏళ్ళ తరబడి అదే షాట్‌తో గెలిచాడు. 2019 జులైలో హోర్హే మాస్విడాల్ గంట మోగగానే పరిగెత్తుకొచ్చి, వంగే తలకి మోకాలు పెట్టాడు. ఐదు సెకన్లు.

దీన్నే తిప్పి వాడుకున్నవాడు యోయెల్ రొమేరో. 1999 ప్రపంచ విజేత, 2000 సిడ్నీలో 85 కేజీల వెండి. అంత కుస్తీ ఉన్న మనిషి యూఎఫ్‌సీలో ఎక్కువ ఫైట్లు నిలబడే తేల్చాడు. అతను పడేస్తాడేమోనని ఎదుటివాళ్ళ చేతులు కిందకి దిగేవి, పైనుంచి ఎడమ చెయ్యి వచ్చేది. 2016 నవంబర్‌లో క్రిస్ వైడ్‌మన్ తనే షాట్‌కి వంగితే ఎగిరి మోకాలు వేశాడు.

హెన్రీ సెహూడో సంగతి ఇంకా పనికొస్తుంది. 2008 బీజింగ్‌లో 55 కేజీల బంగారం, అప్పటికి వయసు 21. 2016 ఏప్రిల్‌లో డెమెట్రియస్ జాన్సన్ అతన్ని మొదటి రౌండ్‌లోనే క్లించ్‌లో (నిలబడి ఒకరినొకరు పట్టుకున్నప్పుడు) మోకాళ్ళతో ఆపేశాడు. కుస్తీ క్లించ్‌లో నడుము వెనక్కి, తల ముందుకి ఉంటుంది. థాయ్ క్లించ్‌లో ఆ తలని కిందకి లాగి డొక్కల్లో మోకాళ్ళు వేస్తారు. తర్వాత సెహూడో కాళ్ళు ఎడంగా పెట్టి కరాటే తరహాలో లోపలికీ బయటికీ కదలడం మొదలుపెట్టాడు. 2018 ఆగస్టులో అదే జాన్సన్‌ని స్ప్లిట్ డెసిషన్‌తో ఓడించాడు. కుస్తీ అంతే ఉంది, దాని దగ్గరికి చేరే దారి మారింది.

మట్టిపట్టు

క్లించ్‌బ్రేక్ గారూ, సెహూడో విషయంలో ఒప్పుకుంటాను. కానీ దెబ్బలాట బాగున్న రెజ్లర్ కూడా గార్డ్‌లో దొరుకుతాడు. అర్జన్ భుల్లర్ చూడండి. కెనడా తరఫున 2010 ఢిల్లీ కామన్‌వెల్త్‌లో 120 కేజీల బంగారం, 2012 లండన్ ఒలింపిక్స్. చేతులు బాగా ఆడతాయి. యూఎఫ్‌సీలో నాలుగు ఫైట్లు, మూడు గెలుపులు. ఓడిన ఆ ఒక్కటీ 2018 ఏప్రిల్‌లో ఆడమ్ వీజొరెక్ వేసిన ఒమోప్లాటా. పైనున్న మనిషి చెయ్యిని కిందనుంచి కాళ్ళతో చుట్టి భుజం తిప్పే పట్టు అది, హెవీవెయిట్‌లలో అరుదు. దొరికింది మళ్ళీ చెయ్యే.

అతను వన్‌కి వెళ్ళి, 2021 మేలో బ్రాండన్ వెరాని రెండో రౌండ్‌లో ఆపి హెవీవెయిట్ టైటిల్ తీసుకున్నాడు. రీతూ నూయెన్‌కి స్ప్లిట్‌లో ఓడింది కూడా ఆ రోజు పోటీల్లోనే. వెరా ఫైట్‌లో క్రమం గమనించండి: ముందు జాబ్‌లతో అలసిపోయేలా చేశాడు, తర్వాత పడేశాడు, పడేశాక చేతులు చాపి నొక్కకుండా కొట్టాడు. మీరు చెప్పిందీ నేను చెప్పిందీ రెండూ అందులో ఉన్నాయి.

అండర్‌హుక్

చివరిగా ఒకటి. ఇవన్నీ కలిపి మొదటి ఆరు నెలలు వారం ఎలా పంచుకోవాలి? దమ్ము సంగతి కూడా. కుస్తీలో మూడు నిమిషాల పీరియడ్లు రెండు, మధ్యలో 30 సెకన్లు. ఇక్కడ ఐదు నిమిషాలవి మూడు.

కోచ్ మూల

దమ్ము ముందు చెప్తాను. ఆరు నిమిషాల ఆటకి అలవాటుపడ్డవాళ్ళు మొదటి రౌండ్‌లో ఉన్నదంతా పెట్టేస్తారు. 1997 జులైలో మార్క్ కోల్‌మన్, అప్పటి యూఎఫ్‌సీ హెవీవెయిట్ చాంపియన్, మోరిస్ స్మిత్‌ని పడేసి, కొట్టి, కొట్టీ కొట్టీ అలసిపోయి 21 నిమిషాల తర్వాత నిర్ణయంలో ఓడాడు. అలసట పరుగులో రాదు, ఎత్తడంలో వస్తుంది. లేవనివ్వకుండా మళ్ళీ మళ్ళీ ఎత్తి పడెయ్యడమే అన్నిటికన్నా ఖరీదైన పని. ఎత్తకుండా ఆపడం నేర్చుకోవాలి: కేజ్ గోడ పక్కన కూర్చోబెట్టి, వాళ్ళ రెండు కాళ్ళనీ మీ కాళ్ళతో కలిపి కట్టేసి, నేలకి ఆనించిన మణికట్టుని వీపు వెనకనుంచి లాగేస్తే వాళ్ళు లేవలేరు, మీ దమ్మూ పోదు.

వారం ఇలా పంచండి. నేల ఆట మూడు రోజులు, అందులో ప్రతి రౌండ్ చెడ్డ చోటు నుంచే మొదలవ్వాలి: వీపు మీద మనిషి, గార్డ్‌లో చెయ్యి దొరికి, మెడ చంకలో ఇరుక్కుని. నిలబడి మొదలుపెడితే రెజ్లర్ పడేసి పైన కూర్చుంటాడు, ఏమీ నేర్చుకోడు. బాక్సింగ్, కిక్కులు కలిపి మూడు రోజులు, ప్రతిసారీ చివరి పది నిమిషాలు జాబ్ నుంచి షాట్‌లోకి వెళ్ళడం మాత్రమే. గోడ దగ్గర పని రెండు రోజులు, వీటికి అదనంగా. శుద్ధ కుస్తీ వారానికి ఒక్కరోజు చాలు, బూట్లు లేకుండా. మొదట్లో అందరూ దీనికే ఏడుస్తారు, ఉన్న బలం పోతుందని. పోదు.

స్పారింగ్ వారానికోసారి, 16 ఔన్సుల గ్లౌజులు, మూతికి గార్డ్, పిక్కలకి ప్యాడ్లు. చిన్న ఎంఎంఏ గ్లౌజులతో గట్టిగా కొట్టుకోవడం మొదటి మూడు నెలలు వద్దే వద్దు. రెజ్లర్లు తల ముందుకి పెట్టి నిలబడతారు, ఆ అలవాటు తగ్గేలోపు తలకి అనవసరంగా దెబ్బలు పడతాయి. మూడో నెల నుంచి నెలకోసారి ఐదు నిమిషాల రౌండ్లు మూడు, నిమిషం నిమిషానికీ కొత్త మనిషిని మారుస్తూ.

ఫైట్ ఒప్పుకోవడానికి ముందు చూసేది ఒకటుంది. అలసిపోయిన మూడో రౌండ్‌లో, చెప్పకుండా, వెనకనుంచి ఎవరినైనా వీపు మీదికి ఎక్కించండి. భుజాలు చాపకి ఆనించి తిరిగితే సరే. బోర్లా తిరిగితే ఇంకో రెండు నెలలు ఆగండి.